కరువు తవ్విన కాలువ

గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదివే మన హాస్టల్ అన్నల గైడ్లలో ఒక బిట్టు తప్పకుండా కనిపిస్తుంది. "బకింగ్‌హామ్ కాలువ ఏ ప్రాంతాల మధ్య ఉన్నది?" ఒక గైడులో జవాబు పెదగంజాం – మరక్కాణం అని ఉంటుంది. ఇంకో గైడులో కాకినాడ – పుదుచ్చేరి అని ఉంటుంది. రెండు గైడ్లూ పట్టుకుని రాత్రి లైట్లు ఆర్పేదాకా వాదించుకున్న రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు పీజీలో భూగోళశాస్త్రం చదువుతున్నాం కనుక ఆ తగవు తీర్చే పని మా మీద వేసుకుంటున్నాం. తగవు చిన్నదే. కానీ ఆ కాలువ గురించి చదువుతూ పోతే, ఒక్క మార్కు తెచ్చిపెట్టే ఆ పేరు వెనుక మన తాతముత్తాతల వంటి కూలిజనం ఎంతోమంది కనిపించారు. వాళ్ల మీద ఏ గైడులోనూ ఒక్క బిట్టు లేదు.

ముందుగా బకింగ్‌హామ్ కాలువ మనం చూసే నాగార్జునసాగర్ కాలువ వంటిది కాదని గుర్తుపెట్టుకోవాలి. సాగర్ కాలువలో నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి ఒకే వైపు పోతాయి. ఇది చాలా భాగం ఉప్పునీటి కాలువ. సముద్రం పొంగినప్పుడు నీళ్లు లోపలికి వస్తాయి, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటకు పోతాయి. దీన్నే ఆటుపోట్ల కాలువ అంటాం.

మన చందానగర్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది. మన గంగారం చెరువు వానకు నిండుతుంది, ఎండకు తగ్గుతుంది. రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తరిగే నీళ్లను మనలో చాలామంది చూసి ఉండరు. మేము కూడా డిగ్రీ పూర్తయ్యాకే సముద్రం చూశాం. చంద్రుడూ సూర్యుడూ లాగడం వల్ల సముద్రపు నీరు పైకి లేస్తుంది. అది పోటు. మళ్లీ దిగుతుంది. అది ఆటు. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే పోటు వేళ రోజురోజుకూ కాస్త వెనక్కి జరుగుతూ ఉంటుంది. అమావాస్యకూ, పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే వరుసలోకి వస్తారు కనుక పోటు ఎక్కువ. మన కోస్తా జాలరులకు ఇదంతా ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. పోటు నీళ్లు లోపలికి పారే ఏటికి తెలుగులో చక్కటి పేరు ఉంది, ఉప్పుటేరు. ఏరు సముద్రంలో కలిసే చోటును ఏటిమొగ అంటారు. ఈ వ్యాసంలో 'మొగ' అనే మాటను మరిచిపోవద్దు, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

చెన్నై దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టంలో తేడా పెద్దది కాదు. పెద్ద పోటు రోజుల్లో కూడా సుమారు ఒక మీటరే. అయినా తీరం పొడవునా నేల పీటలాగా చదునుగా ఉంటుంది కాబట్టి ఆ ఒక్క మీటరే చాలా దూరం లోపలికి వస్తుంది. పైగా ఆ తీరానికి ఇంకో లక్షణం ఉంది. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బలు గోడలాగా లేస్తాయి. వాటి వెనుక పల్లపు భూముల్లో ఉప్పునీళ్లు నిలుస్తాయి. పులికాట్ సరస్సు అటువంటి వాటిలో పెద్దది. ఈ నీటి పల్లాలను ఒకదానితో ఒకటి కలిపితే చాలు, సముద్రంలోకి వెళ్లకుండానే తీరం వెంట పడవలు నడపవచ్చు. అలలు లేవు, తుఫాను భయం తక్కువ. కాలువ ఆలోచన పుట్టింది ఇక్కడే.

ఆ ఆలోచనతో మొదట డబ్బు పెట్టినవాడు బాసిల్ కొక్రేన్ అనే స్కాట్లండ్ వ్యాపారి. 1806లో మద్రాసు నుంచి ఉత్తరాన ఎన్నూరు దాకా కాలువ తవ్వించాడు. అప్పట్లో దాన్ని కొక్రేన్ కాలువ అనేవారు. తరువాత అది పులికాట్ సరస్సు దాకా పెరిగింది. 1837లో మద్రాసు ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అక్కడి నుంచి నెల్లూరు తీరం వెంట ఉత్తరానికి, మద్రాసు దాటి దక్షిణానికి కొద్దికొద్దిగా సాగింది. చివరకు ఒకప్పటి ప్రకాశం జిల్లా పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు అయింది. ఇందులో ఎక్కువ భాగం, దాదాపు 257 కిలోమీటర్లు, ఆంధ్ర నేల మీదే ఉంది.

పెదగంజాం దగ్గర ఇది కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువను కలుస్తుంది. అది మంచినీటి కాలువ. విజయవాడలో ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా కాలువల్లో సాగునీటితో పాటు పడవలు కూడా నడిచాయి. కొమ్మమూరు కాలువ మీదుగా విజయవాడకు, అక్కడి నుంచి ఏలూరు కాలువ మీదుగా గోదావరికి, గోదావరి నుంచి కాకినాడకు పడవలో వెళ్లవచ్చు. ఇప్పుడు తగవు తీరినట్టే. బకింగ్‌హామ్ కాలువ ఒక్కదాన్నే అడిగితే పెదగంజాం – మరక్కాణం. 2008లో ప్రకటించిన 4వ జాతీయ జలమార్గం గురించి అడిగితే కాకినాడ – పుదుచ్చేరి. ఆ జలమార్గంలో ఈ కాలువలన్నీ ఉన్నాయి, వాటితో పాటు గోదావరిలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా, కృష్ణలో వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా నదీమార్గాలూ ఉన్నాయి. ప్రశ్న సరిగ్గా చదవకుండా జవాబు పెట్టొద్దని మా సలహా.

వజీరాబాద్ అంటే నల్గొండ జిల్లా వాడపల్లి పక్కన, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. అంటే మన హైదరాబాద్ మురుగుతో నిండిన మూసీ నీళ్లు కృష్ణలో కలిసి విజయవాడ చేరితే, అక్కడి నుంచి ఆ కాలువల దారే ఉంది. చందానగర్‌కు సముద్రం దూరమే కానీ, మన ఊరికి దానితో బొత్తిగా సంబంధం లేదని అనలేం.

ఇక ఆ పడవల సంగతి. అడుగు చదునుగా ఉండే పొడవాటి చెక్కపడవలు. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గడలతో నెట్టేవారు. అదీ కుదరకపోతే మనుషులు గట్టుమీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగేవారు. పోటు తమ వైపుకు ఉంటే దానితో పాటు సాగేవారు, ఎదురైతే ఆగేవారు. ఏరు అడ్డం వచ్చిన చోట, నీటిమట్టాలు వేరైన చోట లాకులు కట్టారు. లాకు అంటే ఏమీ లేదు, కాలువలో ముందొక తలుపు, వెనకొక తలుపు ఉన్న గది. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపు మూస్తారు. ముందున్న మట్టం ఎంతో అంత దాకా గదిలోకి నీళ్లు వదులుతారు, లేదా తీస్తారు. మట్టం సమానం కాగానే ముందు తలుపు తీస్తారు. పడవ మెట్టు ఎక్కినట్టో దిగినట్టో అవతలికి పోతుంది. ఇంజను లేదు, నూనె లేదు.

మద్రాసుకు ఆ పడవల్లో ఏం పోయేవి? ఉప్పు మడుల నుంచి ఉప్పు. నెల్లూరు వైపు నుంచి బియ్యం. సున్నానికి పనికొచ్చే గుల్ల. అన్నిటికన్నా ముఖ్యంగా వంటచెరకు. గ్యాసు, కిరోసిన్ లేని రోజుల్లో అంత పెద్ద నగరం అన్నం వండుకోవాలంటే కట్టెలు కావాలి కదా. నెల్లూరు తీరపు సరుగుడు తోటలు, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట అడవి మద్రాసు పొయ్యిల్లోకి వెళ్లాయి. ఈనాడు శ్రీహరికోట అంటే మనకు రాకెట్లే గుర్తుకొస్తాయి. రాకెట్లకు ముందు అక్కడి అడవిలో యానాదులు ఉండేవారు, అడవిశాఖ కింద పనిచేసి అడవి సరుకు ఏరి ఇచ్చేవారు. పడవలు చివరకు ఉత్తర మద్రాసులో బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగేవి. ఆ స్టేషన్ పేరులోని 'బేసిన్' పడవలు నిలిచే నీటిగుండమే. చెన్నై రైలు ఎక్కినవాళ్లు సెంట్రల్‌కు ముందు ఆ బోర్డు చూసే ఉంటారు. మద్రాసులో తెలుగువాళ్లు ఎందుకంత మంది ఉన్నారని అడిగితే సినిమాల గురించే చెప్తాం. సినిమా కన్నా ముందు ఈ కాలువ కూడా ఒక దారి.

ఇక్కడి నుంచి అసలు కథ.

1806 నుంచి ఎంత తవ్వినా మద్రాసు నగరం నడుమ ఒక ఖాళీ మిగిలిపోయింది. చెన్నైలో సముద్రంలో కలిసే నదులు మూడు. ఉత్తరాన కొసస్తలైయార్, నడుమ కూవం, దక్షిణాన అడయార్. ఉత్తరం నుంచి వచ్చే పడవలు కూవం దాకా రాగలిగేవి. అడయార్ దాటాక దక్షిణ కాలువ ఉంది. కూవంకూ అడయార్‌కూ మధ్య సుమారు 8 కిలోమీటర్లు మాత్రం తవ్వలేదు. అది నగరం నడిబొడ్డు, అక్కడ కాలువ తవ్వడం ఖర్చుతో కూడిన పని. ఆ ఎనిమిది కిలోమీటర్లను 1877–78లో తవ్వారు. ఎందుకంటే ఆ రెండేళ్లలో మనిషి కూలి చాలా చవకైపోయింది.

1876లో వానలు పోయాయి. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం. రాయలసీమలో ముసలివాళ్లు ధాత కరువు అని చెప్పుకున్నది దీన్నే. మద్రాసు ప్రెసిడెన్సీలో చచ్చిపోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. భూమి ఉన్నవాడు కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. భూమి లేనివాడు, అంటే మన మాల మాదిగ వాడల్లో ఉన్నవాడు, పని ఆగిన రోజునే ఆకలికి చిక్కాడు. పల్లెలు వదిలి మద్రాసు చేరినవాళ్లు వేలకు వేలు. ఆ సమయంలోనే, 1877 జనవరి 1న, వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదు ఇచ్చే దర్బారు జరిపించాడు.

ప్రభుత్వం ఊరికే అన్నం పెట్టదు, కరువు పని చేస్తే కూలి ఇస్తుంది. ఆ కూలి ఎంతో చదివితే కళ్లు తిరుగుతాయి. ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపారు. మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కాస్త చిల్లర చాలని ఆయన లెక్క కట్టాడు. పౌను అంటే 454 గ్రాములు, అరకిలో కూడా కాదు. హాస్టల్లో మనకు పూటకు ఎన్ని గ్రాముల బియ్యమని మెస్ కమిటీలో లెక్కలు వేసినవాళ్లకు ఆ సంఖ్య అర్థమవుతుంది. మనం కూర్చుని చదువుకునేవాళ్లం. వాళ్లు ఎండలో మట్టి తవ్వినవాళ్లు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ కూలితో మనిషి బతకడని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. అందరు అధికారులూ ఒకటే కాదని కూడా మనం రాసుకోవాలి.

నగరంలోని ఆ ఎనిమిది కిలోమీటర్లను కరువు పని కిందే తవ్వించారు. ఉత్తర, దక్షిణ కాలువలు కలిశాయి. 1878లో మొత్తం కాలువకు అప్పటి గవర్నర్, డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ అండ్ ఛాందోస్ పేరు పెట్టారు. ఆ కరువులో ఎముకల గూళ్లయిన మనుషులను హూపర్ అనే సైనికాధికారి ఫొటోలు తీశాడు. అవి ఇప్పటికీ పుస్తకాల్లో వస్తుంటాయి. ముఖాలు ఉన్నాయి, పేర్లు లేవు. మేము వాటిని మొదటిసారి చూసింది యూనివర్సిటీ లైబ్రరీలో. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. మా వంశవృక్షం రాయమంటే తాత పేరు దగ్గరే ఆగిపోతుంది. ఆ ఫొటోలు చూసినప్పుడు అది ఎందుకు ఆగిపోతుందో కొంత తెలిసింది.

ఇంత చేసి తవ్విన దారి ఎంతకాలం వెలిగిందంటే, పూర్తి అయిన ఇరవై ఏళ్లకే పోటీ వచ్చింది. 1899లో విజయవాడ – మద్రాసు రైలుమార్గం కలిసింది. పడవ రోజులు తీసుకునే దూరాన్ని రైలు గంటల్లో దాటింది. రైళ్ల మీద పోసే డబ్బును కాలువల మీద పెడితే సాగునీరు, సరుకు రవాణా రెండూ దక్కుతాయని ఆర్థర్ కాటన్ ఎంత వాదించినా దొరలు రైలునే ఎంచుకున్నారు. కాలువల వైపు మాట్లాడిన మరో పెద్దమనిషి పేరు చెప్తే మనవాళ్లకు సంతోషం కలుగుతుంది. డాక్టర్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్న కాలంలోనే, 1945లో, కేంద్ర జలమార్గాలు, నీటిపారుదల, నౌకాయాన కమిషన్ ఏర్పడింది. ఇప్పటి కేంద్ర జలసంఘానికి అదే మూలం. అదే ఏడాది కటక్‌లో ఒడిశా నదుల మీద మాట్లాడుతూ నీటిని ఆపి వాడుకోవడంతో పాటు నదుల్లో రవాణాను కూడా ఆయన కోరారు. రాజ్యాంగం గురించి చెప్పినంతగా ఈ సంగతి మన సభల్లో చెప్పరు.

1965, 1966 తుఫానులకు గట్లు తెగాయి, కాలువ పూడింది. లారీలు వచ్చేశాయి. తరువాత పెద్ద పడవలు నడిచిందే తక్కువ.

చెన్నై నగరంలో కాలువ చచ్చిపోవడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికే 'మొగ' గుర్తుపెట్టుకోమన్నాం. ఆటుపోట్ల కాలువకు ఊపిరి మొగ దగ్గర ఉంటుంది. తూర్పు తీరంలో కెరటాలు ఇసుకను తీరం వెంట మోసుకుపోతూ ఉంటాయి, ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి. నదిలో నీటి ఉద్ధృతి లేని ఎండాకాలంలో ఆ ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తుంది. కూవం, అడయార్ మొగలు అలాగే మూసుకుపోతుంటాయి. 1870ల్లో మద్రాసు హార్బరు గోడ కట్టడం మొదలయ్యాక దానికి దక్షిణాన ఇసుక ఇంకా పేరుకుంది. మెరీనా బీచి అంత వెడల్పు కావడానికి అదొక కారణం. మొగ మూసుకుంటే పోటు రాదు. పోటు రాకపోతే లోపలి నీళ్లు కదలవు. కదలని నీళ్లలో నగరం తన మురుగంతా వదిలింది. రోజుకు రెండుసార్లు కడుక్కోవలసిన కాలువ నిలవ మురుగుగుంట అయింది.

దానికి తోడు రైలు మళ్లీ వచ్చింది, ఈసారి పక్కన కాదు, కాలువ మీదనే. చెన్నై నగరంలో స్తంభాల మీద నడిచే ఎంఆర్‌టీఎస్ రైలు 1995లో చేపాక్ దాకా, 1997లో తిరుమయిలై దాకా వచ్చింది. మార్గంలో చాలాచోట్ల స్తంభాలు నేరుగా కాలువలో దిగాయి. స్టేషన్లు కాలువ మీద లేచాయి. మనకు ఎంఎంటీఎస్ ఎలాగో వాళ్లకు ఇది అలాగ. మేము ఒకసారి సెమినార్‌కు వెళ్లి ఆ రైలెక్కాం. కింద నల్లటి నీళ్లు, గట్టున వరుసగా గుడిసెలు, బట్టలు ఆరేసిన తాళ్లు. పక్కన కూర్చున్న పెద్దాయన తెలుగువాడే, నెల్లూరు యాస. "అబ్బయ్యా, మా నాయన ఈ కాలవలోనే కట్టెల పడవ తెచ్చేవోడు" అన్నాడు. ఆయన వేలు చూపించిన చోట పడవ కాదు కదా, చిన్న తెప్ప పోవడానికి కూడా దారి లేదు.

2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు కాలువ ఆక్రమణల మాట అందరి నోటా వచ్చింది. ఆక్రమణ అనగానే వేలు ముందు గుడిసెల వైపే పోతుంది. నీటి దారిలో దిగిన కాంక్రీటు స్తంభాన్ని అభివృద్ధి అంటారు, గట్టు మీది తాటాకును ఆక్రమణ అంటారు. దక్షిణాన చెన్నై ఐటీ కారిడార్ ఉన్న పాత మహాబలిపురం రోడ్డు ఈ కాలువకు దాదాపు సమాంతరంగా పోతుంది. కాలువలోకి నీటిని పంపే పళ్లికరణై చిత్తడినేల చుట్టూ కట్టడాలు పెరిగి చాలా కుంచించుకుపోయింది. మాదాపూర్, గచ్చిబౌలి, మన చందానగర్ వైపు చెరువుల సంగతి చూస్తున్నవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. 2024లో హైడ్రా వచ్చాక, మూసీ ఒడ్డున ఇళ్లకు గుర్తులు వేశాక, మన హాస్టల్లోనే ఈ విషయం మీద రెండు వర్గాలుగా వాదించుకున్నాం. నీటికి దారి వదలాలి, అందులో మాకు సందేహం లేదు. ఖాళీ చేయించే వరుసలో మొదట నిలబడేది ఎవరనేదే మా ప్రశ్న.

ఇంత జరిగినా నగరం బయట ఆ కాలువ ఒక రోజు తన విలువ చూపించింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆంధ్ర తీరంలో చాలా దూరం లోపలికి తోసుకొచ్చిన నీరు ఈ కాలువలో పడింది. కొన్ని చోట్ల గట్లు పొర్లినా, పది పదిహేను నిమిషాల్లో నీరు వెనక్కి మళ్లింది. కాలువ అలా అడ్డు నిలవడం వల్ల దాని వెంట ఉన్న పల్లెల్లో ఎన్నో ప్రాణాలు దక్కాయని మన హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్త ఒకరు 2005లో 'కరెంట్ సైన్స్' పత్రికలో రాశారు. కాలువ తవ్వినవాళ్లు ఈ ఉపయోగం ఊహించి ఉండరు.

ఎంట్రన్స్‌లకో, ఇంటర్వ్యూలకో చెన్నై వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక గంట తీరిక చేసుకోండి. బీచ్ స్టేషన్‌లో ఎంఆర్‌టీఎస్ ఎక్కి, చేపాక్ దాటాక కిటికీలోంచి కిందకు చూడండి. అక్కడి నుంచి అడయార్ వైపు పోయేదే ఆ ఎనిమిది కిలోమీటర్లు. వానలు పడి మొగలు తెరుచుకున్న కార్తీకం రోజుల్లో, అందులోనూ పున్నమికి దగ్గరగా వెళ్తే, అడయార్ వంతెన మీద కాసేపు నిలబడండి. నీళ్లు సముద్రం వైపు కాకుండా ఊరి వైపు నడవడం కనిపిస్తుంది.